ట్యాబ్‌కి కెమెరా కూడా ఉంది సార్!

జిల్లా విద్యాశాఖాధికారి (డీఈవో) గారికి నమస్కారం.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు, వాటిలో వీడియో పాఠాలు ఎక్కించి మరీ. పాఠం చూడటానికే అయితే టీవీ చాలదా సార్? ట్యాబ్‌కి కెమెరా ఉంది, మైకు ఉంది. పెసరగింజ మొలకెత్తడాన్ని పూటకో ఫొటో తీసి, వరసగా పేర్చి చిన్న సినిమా చేయొచ్చు, నాయనమ్మ చెప్పే పొడుపుకథలు రికార్డు చేసి వాటికి బొమ్మలు గీయొచ్చు. చిన్నవాళ్లకైతే స్క్రాచ్ జూనియర్ అని బొమ్మల్ని కదిలించే కథలూ ఆటలూ చేసుకునే యాప్ ఉంది, ఉచితం, ఒకసారి ఎక్కిస్తే నెట్ లేకపోయినా నడుస్తుంది, తెర మీద గుర్తులున్న బ్లాకులు పేరిస్తే బొమ్మ పిల్లి గెంతుతుంది (అక్షరాలు రానివాళ్లు కూడా ఆడేస్తారు). వేరే యాప్‌లు రాకుండా ట్యాబ్‌కి వేసిన లాక్ మొత్తం తీసేయమనట్లేదు, యూట్యూబ్ టెన్షన్ మాకూ ఉంది. ఇలాంటి యాప్‌లు రెండు మూడింటికి అనుమతిచ్చి వారానికో పీరియడ్ ఇవ్వండి. ఆ పీరియడ్‌కి మాత్రం క్లాసు జరిగిందని రుజువుగా ఫొటోలు అప్‌లోడ్ చేయమని టీచర్లను అడక్కండి, ప్లీజ్.

ఇట్లు,
ఒక పేరెంట్