క్రిస్మస్ రాత్రి దాటిన నది

ఒరేయ్ శ్రీనూ,

న్యూజెర్సీలో మనవాళ్ళ కొట్లూ గుళ్ళూ తప్ప ఏముందిరా అన్నావుగా ఫోన్‌లో. 1776 క్రిస్మస్ రాత్రి ఇక్కడ జరిగింది చెప్తా విను.

అమెరికావాళ్ళు బ్రిటిష్‌వాళ్ళ మీద స్వాతంత్ర్య యుద్ధం చేస్తున్న రోజులవి. అప్పటికి వాళ్ళ సేనాని వాషింగ్టన్ సైన్యం పని దాదాపు అయిపోయింది. న్యూయార్క్ చేజారింది. న్యూజెర్సీ అంతా వెనక్కి నడిచి, డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాలో తలదాచుకున్నారు. పైగా చాలామంది సిపాయిల ఒప్పందం డిసెంబరు 31తో సరి. ఇంకో వారం ఆగితే యుద్ధానికి మనుషులే ఉండరు. అందుకే పండగ రాత్రే మళ్ళీ నది దాటి, న్యూజెర్సీ ఒడ్డున శత్రువులున్న ట్రెంటన్ ఊరి మీద పడాలనుకున్నారు.

2,400 మంది, 18 ఫిరంగులు, గుర్రాలు. నదిలో మంచుగడ్డలు కొట్టుకొస్తున్నాయి, పైన మంచువాన, ఈదురుగాలి. వెడల్పులో మన గోదావరి ముందు అది ఏపాటిది! కానీ ఆ చీకట్లో, ఆ చలిలో ఫిరంగుల్ని దాటించడం మాటలా? దాటించింది మసాచుసెట్స్‌లోని మార్బుల్‌హెడ్ జాలర్లురా. గ్లోవర్ అనే ఆయన దళం. అందులో నల్లవాళ్ళూ, అక్కడి ఆదివాసులూ ఉన్నారు. ఇనుము మోసే పెద్ద పడవల్ని గెడలేసి నడిపారు. జర్మనీలో కూర్చుని లోయిట్సె అనే చిత్రకారుడు 1851లో వేసిన బొమ్మ చూసే ఉంటావు, పడవలో నిలబడ్డ వాషింగ్టన్‌ది. అందులోని జెండా 1776 నాటికి పుట్టనే లేదు. నాకు మాత్రం ఆ రాత్రి అనగానే గెడ పట్టినవాళ్ళే గుర్తొస్తారు.

అర్ధరాత్రికల్లా దాటేయాలనుకున్నారు, ఫిరంగులు ఒడ్డెక్కేసరికి మూడైంది. వేరే రేవుల్లో దాటాల్సిన రెండు దళాలు అనుకున్నట్టు రాలేకపోయాయి. అయినా ఆగలేదు. తొమ్మిది మైళ్ళు నడిచారు, దారిలో ఇద్దరు చలికే చనిపోయారంటారు. పొద్దున ఎనిమిదింటికి ట్రెంటన్ మీద పడితే, బ్రిటిష్‌వాళ్ళు తెచ్చుకున్న జర్మన్ సిపాయిలు సుమారు 900 మంది దొరికిపోయారు. వాళ్ళ కల్నల్ రాల్ గాయాలతో పోయాడు. పండగకి తాగి పడుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు, అది ఉత్త మాట. రోజుల తరబడి చిన్నచిన్న దాడులతో నిద్రల్లేక అలిసిపోయారు పాపం. వాళ్ళని తక్కువ చేస్తే దాటినవాళ్ళ కష్టాన్నీ తక్కువ చేసినట్టే. వారం తిరిగాక, జనవరి 3న ప్రిన్స్‌టన్ దగ్గర కూడా వాషింగ్టన్ వాళ్ళే గెలిచారు.

ఏటా క్రిస్మస్‌కి అప్పటి బట్టలేసుకుని ఈ దాటడం మళ్ళీ చేసి చూపిస్తారు. నది పొంగితే పడవలు ఆపేసి వంతెన మీద నడుస్తారు. నువ్వు డిసెంబరులో టికెట్ తీసుకో, ట్రెంటన్‌లో ఆనాటి సైనికుల బ్యారక్స్ కూడా ఉంది, చూద్దాం. మందపాటి స్వెట్టర్ మర్చిపోకు. అత్తయ్యగారికి నమస్కారాలు చెప్పు.

నీ
రాంబాబు