చిన్నీ, ఆ తెల్ల లైట్ల సంగతి

కోదాడ,
శుక్రవారం రాత్రి

చిన్నీ,

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది. ఆవకాయ ఈసారి కాస్త ఉప్పెక్కింది, ఆ మాట అమ్మ మాత్రం ఒప్పుకోదు. స్టీలు డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, పొద్దున బస్సు పార్శిల్లో వేశాను. రసీదు ఫోటో నీకు పంపాను, చూసుకున్న గుర్తు మాత్రం రాలేదు.

ఫోన్లో చెప్పక ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా" అంటావు. ఉగాదికి వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి మనం మాట్లాడుకుంది తిన్నావా, తిన్నాను, అంతే. ఉత్తరమైతే మధ్యలో కట్ చేసే వీలుండదు కదా.

నా కుడి కంటికి ఆపరేషన్ అయ్యాక బాగా కనిపిస్తోంది. పంచాంగంలో చిన్న అక్షరాలు కూడా చదువుతున్నాను. ఎడమ కన్ను దసరా తర్వాత చేద్దామన్నారు డాక్టరుగారు. శుక్లం ఉన్న కంట్లో వెలుతురు సూటిగా పోకుండా చెదిరిపోతుందట, అందుకే ఎదురు లైటు పడితే ఏమీ కనపడదట. నిజమే, సాయంత్రం పాలకి వెళ్తే ఎడమ కంటికి ప్రతి బండి లైటు చుట్టూ ఒక వలయం కనిపిస్తుంది.

లైట్లంటే గుర్తొచ్చింది. బాబి వాట్సాప్ స్టేటస్‌లో నీ కారు చూశాను. నువ్వు పక్కన నిలబడి నవ్వుతున్నావు, బాగా చిక్కిపోయావు. లైట్లు మాత్రం తెల్లగా, అంచుల్లో నీలంగా మండుతున్నాయి. ఆ కారు కొన్నప్పుడు లైట్లు పసుప్పచ్చగానే ఉండేవి కదా. మెకానిక్ సైదులు కొట్టుకి వెళ్ళి ఫోటో చూపించాను. చూడగానే "అన్నా, హెచ్ఐడీ కిట్టు ఏపిచ్చింది. ఆరు వేల కెల్విన్ ఉంటది" అన్నాడు. కెల్విన్ అంటే లైటు రంగుకి కొలతట.

నేనేమీ అనడం లేదు. నీ కారు, నీ జీతం, నీ ఇష్టం. సైదులు చూపించింది మాత్రం చెబుతాను, విను.

నీ కారుకి కంపెనీ ఇచ్చింది హెచ్4 బల్బు. దాన్ని సైదులు నా అరచేతిలో పెట్టాడు. గాజు ముట్టుకోవద్దని ముందే హెచ్చరించాడు, వేలి జిడ్డు అంటితే వేడికి పగిలిపోతుందట. లోపల రెండు ఫిలమెంట్లు ఉంటాయి, ఒకటి హైకి, ఒకటి డిమ్‌కి. డిమ్ ఫిలమెంటు కింద గోరంత రేకు గిన్నె ఉంటుంది. కిందికి పోయే వెలుతుర్ని ఆ గిన్నె ఆపేస్తుంది కాబట్టి రిఫ్లెక్టరు పై సగానికే తగిలి, అక్కణ్ణుంచి రోడ్డు మీదికి దిగుతుంది. ఎదుటివాడి కళ్ళని కాపాడేది ఆ గిన్నే. ఇన్నేళ్ళు బస్సు నడిపినా నేను దాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

నువ్వు వేయించిన హెచ్ఐడీ కిట్టులో ఉండేది జినాన్ బల్బు, దాన్లో ఫిలమెంటే ఉండదు. గాజు గొట్టంలో గ్యాసు ఉంటుంది, రెండు మొనల మధ్య స్పార్కు పుట్టి వెలుగుతుంది. ఆ స్పార్కు పుట్టించడానికి బ్యాలస్ట్ అనే డబ్బా 20,000 వోల్టుల పైనే వదులుతుంది. (బానెట్ ఎత్తినప్పుడు దాన్ని వేళ్ళతో కెలక్కు. చిన్నప్పుడు మిక్సీ ప్లగ్గుతో నువ్వు చేసిన పని నేను మర్చిపోలేదు.) తినే కరెంటు 35 వాట్లే, కానీ వెలుతురు కొలిచే లెక్కలో మంచి జినాన్ బల్బు 3,000 ల్యూమెన్ల పైమాటే ఇస్తుంది. నీ పాత బల్బు డిమ్‌లో ఇచ్చేది వెయ్యి. అంత వెలుతుర్ని ఫిలమెంటు కోసం కొలిచి చేసిన రిఫ్లెక్టరులో పెడితే అది చెప్పిన చోటికి పోదు. రోడ్డు మీదికి కొంచెం, చెట్ల మీదికి కొంచెం, ఎదుటివాడి మొహం మీదికి మిగతాది.

మరి పెద్ద కార్లకి కంపెనీయే ఇస్తుంది కదా అంటావు. ఇస్తుంది. 1991లో బీఎండబ్ల్యూ తన 7 సిరీస్‌కి మొదట పెట్టింది. వాటిలో వెలుతుర్ని కోసి కిందికి వంచే లెన్సు ఉంటుంది. యూరప్‌లో 2,000 ల్యూమెన్లు దాటే లైటుకి అద్దం కడిగే వాషరూ, బరువుని బట్టి దానంతటదే వంగే ఏర్పాటూ ఉండాలని రూలు. నీకు కిట్టు అమ్మినవాడు ఇవేమన్నా ఇచ్చాడా? ఆ నీలం రంగు కూడా షోకే. 4,300 కెల్విన్ దాటి పైకి పోయేకొద్దీ నీలం పెరుగుతుంది, వెలుతురు తగ్గుతుంది.

సరే, ఆ సంగతి వదిలెయ్. రాత్రిళ్ళు అన్నం మానేసి ఆ నూడుల్సే తింటున్నావని శైలజ చెప్పింది. పెరుగైనా వేసుకుంటున్నావా?

మిర్యాలగూడ లాస్ట్ ట్రిప్పు సంగతి నీకెప్పుడైనా చెప్పానో లేదో. అమ్మకి పూర్తిగా చెప్పలేదు, నువ్వూ చెప్పకు. కోతల రోజులు. సాగర్ ఎడమ కాలవ కింద ఊళ్ళలో వడ్లన్నీ రోడ్డు మీదే ఆరబోస్తారు కదా, సగం రోడ్డు వడ్లు, చుట్టూ రాళ్ళు. హుజూర్‌నగర్ దాటాను. బస్సులో పదిమంది కూడా లేరు, కండక్టర్ వెంకన్న టికెట్ల లెక్క రాసుకుంటున్నాడు. ఎదురుగా ఒక కారు, అచ్చం ఈ తెల్ల లైట్లే. డిప్పర్ కొట్టాను. వాడు తగ్గించలేదు. మళ్ళీ కొట్టాను. ఇప్పుడనిపిస్తుంది, వాడు డిమ్‌లోనే ఉన్నాడేమో, వాడి డిమ్మే అంత ఉందేమో. అద్దమంతా తెల్లబడిపోయింది. అలాంటప్పుడు లైటు వైపు చూడకూడదు, ఎడమ అంచు చూసుకుంటూ పోవాలి. అలాగే చూశాను, యాక్సిలరేటర్ మీద కాలు తీసేశాను. కారు దాటిపోయింది. అసలు భయం అప్పుడు మొదలైంది. లైటు పోయాక కళ్ళు వెంటనే తిరిగి రావు. బస్సు లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, నాకు మాత్రం అంతా నలుపు. ఆ నలుపులో టైరు కింద రాయి నలిగిన చప్పుడు. బ్రేకు మీద నిలబడ్డాను.

వెంకన్న టార్చి పట్టుకుని దిగాడు. ముందు చక్రం వడ్ల కుప్ప అంచు ఎక్కి ఆగింది. దానికి మూరెడు దూరంలో గొంగడి కప్పుకుని ఒక ముసలాయన నిద్రపోతున్నాడు, వడ్లకి కాపలా. వెంకన్న చేతిలో టార్చి వణుకుతోంది. ఆయన లేచి కూర్చుని చక్రం చూశాడు, నన్ను చూశాడు. "వడ్లు తొక్కిచ్చినవేందయ్యా" అని తిట్టడం మొదలుపెట్టాడు. తనకి ఏం తప్పిందో ఆయనకి తెలియనే తెలియదు. ప్యాసింజర్లూ మేమూ కలిసి వడ్లు చేతుల్తో కుప్పకి ఎగదోశాం, అప్పుడు గాని దారి ఇవ్వలేదు.

చిన్నీ, నేను ఆ ముసలాయన గురించి కాదు, ఆ కారువాడి గురించే ఎక్కువ ఆలోచిస్తాను. తన దారంతా పట్టపగల్లా కనిపించి ఉంటుంది. ఎంత బాగా నడిపానో అనుకుంటూ ఇంటికి పోయి పడుకుని ఉంటాడు. నీకు ఎంత దూరం కనపడుతుందన్నది ఒక్కటే కాదు. ఎదుటివాడికి కనపడకపోతే వాడు వచ్చి పడేది నీ మీదికో, నీ వెనక వచ్చే వాళ్ళ మీదికో. హైదరాబాదు రోడ్డులో మధ్య డివైడరు ఉందిలే. కానీ హైవే దిగి మన ఇంటికొచ్చే రోడ్డుకి ఏ డివైడరూ లేదు. ఆ రోడ్డు మీద పాలకి వెళ్ళేది నేనే.

ఇంకో మాట. మునగాల దగ్గర వెనక లైటు లేని లారీ ఒకటి రోడ్డు మీద ఆగి ఉంటే చివరి నిమిషంలో తప్పించావనీ, ఆ తర్వాతే ఈ లైట్లు వేయించావనీ బాబి నోరు జారాడు. వాణ్ణి తిట్టకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. నిజమేనా? ఉగాదికి వచ్చిన రాత్రేనా? ఆ రాత్రి నువ్వు అన్నం సరిగ్గా తినలేదు, తలనొప్పి అన్నావు. అమ్మ జండూబామ్ రాసింది. నాకు చెప్తే కారు తియ్యొద్దంటానని భయపడ్డావా? నేను అంటానులే, అది వేరే సంగతి. అయినా చెప్పాలి కదమ్మా.

వెలుతురు చాలడం లేదన్నది నిజమైతే దానికి దారులున్నాయి. నీ కారు పాతది, హెడ్‌లైటు ప్లాస్టిక్ ఎండకి పసుపెక్కి ఉంటుంది, పాలిష్ పట్టిస్తే సగం సమస్య పోతుంది. తర్వాత వైరింగు. బల్బు దగ్గరికి వోల్టేజి పదోవంతు తగ్గి వస్తే వెలుతురు దాదాపు మూడోవంతు పడిపోతుందని సైదులు అన్నాడు. రిలే పెట్టి, మందం వైరు లాగి, కంపెనీ చెప్పిన 60/55 వాట్ల మంచి బల్బులే వేస్తానన్నాడు. 100 వాట్లవి వేయమని అడక్కు, హోల్డరు కరుగుతుంది. కారు ముందు అద్దం లోపలి వైపు కూడా తుడువు, అక్కడ పేరుకున్న పొర గురించి ఎవరూ పట్టించుకోరు. డిక్కీలో బరువుంటే స్టీరింగ్ పక్కన లైటుని కిందికి వంచే లెవెల్ చక్రం తిప్పుకో. 80లో పోతే సెకనుకి 22 మీటర్లు పోతావు, రాత్రి ఆ 80 కూడా ఎక్కువే. వానలు మొదలైతే తడి తారు మీద తెల్ల లైటుకి ఏమీ ఆనదు, ఇది ఏ డ్రైవర్నడిగినా చెప్తాడు.

చట్టం సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. కంపెనీ ఇచ్చినదాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. డబ్బు పోతే పోయింది, పోలీసు ముందు నా కూతురు తలొంచుకుని నిలబడటం నాకిష్టం లేదు.

వచ్చే శనివారం పొద్దున్నే బయల్దేరి రా, చీకటి పడ్డాక వద్దు. సూర్యాపేటలో ఆగి టిఫిన్ తిను, ఖాళీ కడుపుతో నడపకు. సైదులుతో మాట్లాడి పెట్టాను, మధ్యాహ్నానికి చేసి ఇస్తాడు. సాయంత్రం రైస్ మిల్లు గోడకి 10 మీటర్ల దూరంలో కారు నిలబెట్టి డిమ్ వేసి చూద్దాం. వెలుతురు పై అంచు లైటు ఎత్తుకంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. టేపు నా దగ్గర ఉంది.

పాత బల్బులు పారేశావా, డిక్కీలో ఉన్నాయా? అది మాత్రం ఇవాళే మెసేజ్ పెట్టు. లేకపోతే సైదులు ఖమ్మం నుంచి తెప్పించాలి.

మీ నాన్న