12 కుండీలకు హెక్టారు లెక్కలా? ఉద్యానశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. ఇది నా నాలుగో ఉత్తరం. మూడోదానికి జవాబు వచ్చింది, అబద్ధం చెప్పను. "తగు చర్య నిమిత్తం సంబంధిత విభాగానికి పంపడమైనది" అని ఒక్క వాక్యం. ఆ విభాగం ఏదో రాయలేదు. ఫోన్ చేసి అడిగితే వెబ్‌సైటు చూసుకోమన్నారు. నా ఫిర్యాదే ఆ వెబ్‌సైటు మీదండీ.

ఇంటితోటల పేజీ సంగతి మీకు నేను చెప్పాలా? రిబ్బన్ కత్తిరించింది మీరే. ఇక ఇంట్లో మొక్కలు పెంచేవాళ్ళు ఎవర్నీ అడగనక్కర్లేదన్నారు. ఆ పేజీ నొక్కితే "నిర్మాణంలో ఉంది" అని వస్తుంది. రెండేళ్ళుగా అదే మాట. మీరు రిబ్బన్ కత్తిరించిన వారమే నేను నాటిన నిమ్మ అంటు ఇప్పుడు కాపుకొచ్చింది.

మిగతా పేజీలు ఉన్నాయి, కాదనను. అన్నీ వంకరగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో ఉండదు. అక్షరాలన్నీ బొమ్మలే కాబట్టి వెతికినా ఏ మాటా దొరకదు. కష్టపడి చదివితే హెక్టారు లెక్కలు. ఒకచోట హెక్టారుకు 100 కిలోల నత్రజని వెయ్యమని ఉంది. నా దగ్గరున్నవి 12 కుండీలు. ఒకరాత్రి కూర్చుని లెక్క కట్టాను, మీరూ సరిచూడండి. హెక్టారంటే 10,000 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 10 గ్రాములు పడింది. నా కుండీ మూతి వ్యాసం 30 సెంటీమీటర్లు, అంటే వైశాల్యం సుమారు 0.07 చదరపు మీటర్లు. దానికి 0.7 గ్రాముల నత్రజని. యూరియాలో నత్రజని 46 శాతం కనుక కుండీకి గ్రామున్నర యూరియా. మా వంటింటి కాటాకి గ్రామున్నర అంటే ఏమిటో తెలియదు. పోనీ, చిటికెడనుకున్నాను.

ఇంతా చేశాక తెలిసిందేమిటంటే ఈ లెక్కే కుండీకి పనికిరాదని. పొలంలో వేరు తిండి వెతుక్కుంటూ లోతుకు దిగుతుంది. కుండీలో అడుగు దిగేసరికి గోడ తగులుతుంది. పైగా నీళ్ళు పోసినప్పుడల్లా కొంత ఎరువు అడుగు కన్నంలోంచి కారిపోతుంది. అందుకే కుండీ మొక్కకు కొద్దికొద్దిగా, తరచుగా వెయ్యాలి. ఈ ఒక్క ముక్క మీ పేజీల్లో ఎక్కడా లేదు. మీ శాఖలో ఇది తెలియని ఉద్యోగి ఉంటారనుకోను. నా బాధ కూడా అదే.

మీరు చెప్పకపోతే చెప్పేవాళ్ళకు కొదవా? వీడియోలున్నాయి. ఆమధ్య మా టమాటా కాయలకు అడుగున నల్లగా మచ్చ పడి, లోపలికి కుంగిపోయింది. ఒకాయన ఎప్సమ్ సాల్ట్ వెయ్యమన్నాడు. వేశాను. మచ్చలు పెరిగాయి. ఇంకొకావిడ గుడ్డు పెంకులు పొడిచేసి చల్లమంది. చల్లాను. కాపు మొత్తం పోయింది. తర్వాత ఏదో విదేశీ విశ్వవిద్యాలయం పేజీలో అసలు సంగతి దొరికింది. అది కాయకు కాల్షియం అందక వచ్చే జబ్బు. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉండనే ఉంటుంది, కానీ దాన్ని కాయదాకా మోసేది నీరు. నేనేమో ఒకరోజు ఎండగట్టి, మర్నాడు ముంచెత్తేదాన్ని. ఎప్సమ్ సాల్ట్‌లో ఉండేది మెగ్నీషియం, కాల్షియం కాదు. పైగా మెగ్నీషియం ఎక్కువైతే కాల్షియం అందడం ఇంకా కష్టమవుతుందట. గుడ్డు పెంకులా, అవి మట్టిలో కరిగేసరికి మొక్క ఆయుష్షే తీరిపోతుంది. కాపు పోగొట్టుకుంది నేను, లక్ష లైకులు ఆయనకు.

కుండీ అడుగున గులకరాళ్ళు పోస్తే నీరు బాగా దిగుతుందన్నదీ ఇలాంటిదే. సన్నటి మట్టి నిండా తడిస్తే గానీ నీరు కింది రాళ్ళలోకి దిగదు. అంటే తడి వేరుకు మరింత దగ్గరికి వస్తుంది. అయినా వీడియోలన్నిట్లో గులకరాళ్ళే.

మందుల విషయం మాత్రం నవ్వుకునేది కాదు, సార్. లీటరుకు ఇన్ని మిల్లీలీటర్లని మీ పీడీఎఫ్‌లో ఉంది. కొట్టాక ఎన్ని రోజులు ఆగి కాయ కొయ్యాలో లేదు. రైతు కోతకు ముందు ఆగుతాడు. ఇంట్లో మొక్క ఉన్నవాళ్ళు పొద్దున కొట్టి సాయంత్రం కోసేస్తారు. ఆ పేజీ రాసినవారికి ఈ ఆలోచన ఎందుకు రాలేదు?

చేతకాని పనేం అడగడం లేదు. అమెరికాలో 1914లో చట్టం చేసి, విశ్వవిద్యాలయాల్లో తెలిసిన విషయం జనానికి చేర్చే ఏర్పాటు చేశారు. 1970ల నుంచి మామూలు తోటమాలులకే శిక్షణ ఇచ్చి, ఇరుగుపొరుగువాళ్ళ సందేహాలు తీర్చే పని అప్పగించారు. బ్రిటన్‌లో 1804లో పుట్టిన రాయల్ హార్టికల్చరల్ సొసైటీ మొక్కల జబ్బుల గురించి ఎవరైనా చదువుకునేలా పెట్టింది. నేను వాటినే చదువుకుంటున్నాను. కానీ వాళ్ళు విత్తనం ఎప్పుడు వెయ్యాలన్నా ఆఖరి మంచు పడే రోజు నుంచి లెక్కపెడతారు. ఏ ప్రాంతంలో ఏ మొక్క బతుకుతుందో చూపే అమెరికావాళ్ళ పటం శీతాకాలం చలి ఎంతో చెబుతుంది, వేసవి ఎండ సంగతి ఎత్తదు. మంచు పడని చోట కుండీ పెట్టుకున్నవాళ్ళు ఎవరిని అడగాలి?

పేజీ తెరిపించండి. రాసినవారి పేరు, తేదీ వేయించండి. కుండీ లెక్కలో రాయించండి, అదీ ఎప్పుడైనా మట్టిలో చెయ్యి పెట్టినవాళ్ళ చేత. ఇంకో కమిటీ మాత్రం వద్దు. దయచేసి పేజీ తెరిపించండి.

ఈ ఉత్తరం రాస్తూ మధ్యలో లేచి నీళ్ళు పొయ్యబోతే మందార కొమ్మల మీద తెల్లగా దూదిలా కనిపించింది. పిండినల్లి అనుకుంటున్నాను. వేపనూనె కొట్టనా, కొమ్మ కత్తిరించెయ్యనా అని మీ పేజీ తెరిచి చూశాను. ఇంకా నిర్మాణంలోనే ఉంది.

ఇట్లు,
12 కుండీల యజమానురాలు