గుండెపోటు రోగుల నైట్రేట్ మాత్రలను సమీక్షించేదెవరు? ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చిన అర్జీలకు ‘సంబంధిత శాఖకు పంపాము’ అన్న సందేశం తప్ప సమాధానం రానందున ఈ లేఖ రాస్తున్నాను. పథకం కింద స్టెంట్ వేయించుకున్న మా నాన్నగారికి డిశ్చార్జి రోజున రాసిన ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ అనే, ఛాతీ నొప్పి తగ్గించే నైట్రేట్ రకం మాత్ర నేటికీ కొనసాగుతోంది. ఛాతీ నొప్పి లేక చాలా కాలమైంది. అయినా నెలనెలా మందులకు వెళ్లే ప్రభుత్వాసుపత్రిలో పాత చీటీ చూసి కొత్త చీటీ రాయడమే గాని, ఇది ఇంకా అవసరమా అని ఆలోచించినవారు లేరు. తలనొప్పి అంటే పారాసిటమాల్ ఇచ్చారు. మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటే వయసు అన్నారు. స్నానాల గదిలో పడి మణికట్టు విరిగితే కట్టు కట్టి పంపారు. ఈ మాత్ర వల్ల లేచినప్పుడు బీపీ పడిపోతోందేమోనని నిలబెట్టి బీపీ చూసినవారు ఒక్కరూ లేరు.

నైట్రేట్ రక్తనాళాలను సడలించి నొప్పి తగ్గిస్తుంది. నొప్పి ఉన్నవారికి అది అవసరమే. కానీ గుండెపోటు వచ్చిన వారందరికీ ఇస్తే ప్రాణాలు నిలుస్తాయా అని 1994లో వెలువడిన జిస్సీ-3 అధ్యయనమూ, 58,000 మందికి పైగా రోగులతో 1995లో వెలువడిన ఐసిస్-4 అధ్యయనమూ పరిశీలించగా, మరణాలు చెప్పుకోదగినంత తగ్గలేదని తేలింది. కొలెస్ట్రాల్ తగ్గించి ప్రాణం నిలబెట్టే స్టాటిన్ రకం మందు ఎటోర్వాస్టాటిన్‌కేమో తరచూ ‘స్టాకు లేదు, బయట కొనుక్కోండి’ అంటున్నారు. ఇది మాకు అన్నిటికంటే బాధ కలిగిస్తోంది.

పైగా ఈ మందు రోజంతా ఒంట్లో ఉంటే పనిచేయడం తగ్గిపోతుంది. అందుకే (నెమ్మదిగా విడుదలయ్యే రకం కాని) మామూలు మాత్రను ఉదయం 8కి, మధ్యాహ్నం 3కి ఇచ్చి రాత్రి విరామం ఉంచాలి. మా చీటీ మీద మాత్రం 1-0-1, అంటే ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అని ఉంది. మగవారు అంగస్తంభన సమస్యకు వాడే సిల్డెనఫిల్ (వయాగ్రా)తో కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుందన్న హెచ్చరిక సైతం మాకు ఎవరూ చెప్పలేదు. మాకై మేము మానేద్దామంటే, హఠాత్తుగా ఆపితే నొప్పి తిరగబెట్టవచ్చు. కాబట్టి నిర్ణయం వైద్యుడిదే కావాలి, ఆ వైద్యుడు మాకు దొరకాలి.

అయ్యా, నైట్రేట్ వాడుతున్న ప్రతి గుండె రోగినీ ఒక్కసారైనా గుండె వైద్యుడు కూర్చోబెట్టి పరీక్షించేలా ఆదేశించండి. ఎందుకు వాడుతున్నారో, మళ్లీ ఎప్పుడు చూడాలో చీటీ మీద రాయించండి. స్టాటిన్ లేదనకుండా చూడండి. దయచేసి ఈ అర్జీని మరో శాఖకు పంపకండి.

ఇట్లు,
ఒక గుండె రోగి కుమార్తె