రేకులకు, గొంగడికి, తొక్కుకు: మీ అందరికీ వందనాలు

అందరికీ వందనాలు. వందనాలు అనే అలవాటు లేనోళ్లకు నమస్తే. రేకుల దుకాణం భాయికి సలాం.

నేను జడ్చర్ల దగ్గరి పల్లె ఆడబిడ్డను. మా ఆయన, నేను, మా ఇద్దరు పిల్లలు పదకొండేండ్ల నుంచి ఉగాండాలో ఉంటున్నం. కంపాలా నుంచి జింజాకు 80 కిలోమీటర్ల తోవ. ఆ తోవలో మబీరా అడవి రాకముందే చెరుకు తోటలు వస్తయి, వాటి నడుమ ఒక పల్లె. అక్కడి సంఘం నడిపే పిల్లల ఇంట్ల, హోమ్ అంటరు గద, మా ఆయన లెక్కలు, బడి సంగతులు చూస్తడు. నేను నర్సును. నెలన్నర సెలవు మీద వచ్చినం, వచ్చే శనివారం మళ్ల పోతున్నం. పోయేలోపు ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. మీరు ఒక పనికి, అక్కడి పిల్లల గది కప్పుకు, పైసలిచ్చిన్రు, మేము వాటితో రెండు పనులు చేసినం. ఆ రెండోదాని సంగతి మీలో కొందరికే తెలుసు.

మా దినం ఎట్లుంటదని చాలామంది అడిగిన్రు. పొద్దున ఐదుకు లేస్తం. అక్కడ ఐదంటే ఇక్కడ ఏడున్నర. మా అమ్మ ఫోన్ చేసే యాళ్లకు నేను కట్టెల పొయ్యి ముందు ఉంట. పొద్దున మక్కపిండి జావ, పగటికి పోషో, బీన్స్. పోషో అంటే ఏదో అనుకునేరు, మన మక్క గట్క తీరుగనే ఉంటది, కాకపోతే తెల్లగ, గట్టిగ. పండుగొస్తే మటోకె, పచ్చి అరటికాయలను ఆకుల్లో చుట్టి ఆవిరికి ఉడకబెట్టి మెదిపేది. అక్కడ జొన్నలు కూడ పండుతయి. ఒకసారి ఆశపడి ఆ ఎర్రజొన్న పిండితో రొట్టె కొట్టిన. పెనం మీదికి పోకముందే నాలుగు ముక్కలైంది. పిల్లలు ఆ ముక్కలనే కొట్లాడి తిన్నరు, నా పరువు నిలిచింది.

ఏడింటికి అలారం మోగుతది, మందుల టైం. హోమ్ పిల్లల్లో కొందరికి పుట్టుకతోనే హెచ్‌ఐవీ ఉంది. సర్కారు దవాఖాన నుంచి మందులు ఉచితంగనే వస్తయి, కాని ఒక్క పూట తప్పొద్దు. ఎవరు ఏ గోలీ మింగుతున్నరో పక్క పిల్లకు తెలియొద్దని అందరినీ ఒక్కొక్కరిగ లోపలికి పిలుస్త, అవసరం లేనోళ్లకు విటమిన్ గోలీ ఇస్త. 2025 మొదట్లో అమెరికా సాయం ఆపినప్పుడు మందులు వస్తయో రావో అని కొన్ని వారాలు ఆ అలారం మోగితేనే నా గుండె దడదడలాడేది.

సాయంత్రం నా చేతుల సేఫ్టీ పిన్ను, టార్చి లైటు ఉంటయి. మనకు తెలియని పురుగు ఒకటుంది అక్కడ, ఎన్వుంజా అంటరు. నల్లి కన్న చిన్నది. దుమ్ములో ఉండి కాలివేళ్ల సందున, గోటి కింద దూరుతది. తోలు లోపలనే గుడ్లతో ఉబ్బి తెల్లగ బఠాణీ గింజంత అయితది, నడుమ నల్ల చుక్క. కాళ్లను పొటాషియం పర్మాంగనేట్ కలిపిన ఊదా రంగు నీళ్లలో నానబెట్టి, పిన్ను మొనతో చుట్టూ తోలు విప్పుకుంట, సంచి పగలకుండ మొత్తం తియ్యాలె. కొత్తగ వచ్చిన ఒక పిల్లగానికి ఒక్కనాడే ఇరవై మూడు తీసిన. వాడు ఏడ్వలేదు, లెక్కపెట్టిండు. ఇంగ్లీషులో ఇరవై దాకనే వచ్చు వానికి, అటెనుక మళ్ల ఒకటి నుంచి మొదలుపెట్టిండు.

పిల్లల పేర్లు రాయను, ఫొటోలు పెట్టను. అడిగినోళ్లు ఏమనుకోకున్రి. రేపు వాళ్లు పెద్దగై వాళ్ల కాళ్ల ఫొటో వాళ్లే చూసుకోవాల్సి వస్తే బాగుండదు.

ఇక రేకుల సంగతి. వానలు మొదలైన కొత్తల, మార్చి నెలాఖరున, రాత్రిపూట గాలివాన లేచి మగపిల్లల గది కప్పు సగం ఎగిరిపోయింది. దేవుని దయ, ఎవ్వరికీ దెబ్బ తగల్లే. పదహారు మంది వారం రోజులు మా వరండాలో పడుకున్నరు. నేను మా వదినకు ఒక్క వాయిస్ మెసేజ్ పెట్టిన, సంఘంలో చెప్పమని. మన దగ్గర సంఘం అంటే రెండు గద, ప్రార్థన సంఘం, పొదుపు సంఘం. నేను మొదటిదాన్ని మనసుల పెట్టుకొని చెప్తే రెండోది ముందు పలికింది! పల్లికాయ తెంపే కూలి నుంచి తలా వంద, రెండు వందలు. బొంబాయిల సెంట్రింగ్ పని చేసే తమ్ముళ్లు ఫోన్‌పే కొట్టిన్రు. ప్రార్థన సంఘం వెనుకబడలేదు లెండి, ఆదివారం రెండుసార్లు సంచి తిరిగిందట.

మర్రిగూడ దిక్కున్న మా మేనత్త పింఛన్ల నుంచి రెండు వేలు ఇచ్చింది. "కప్పుకు కాదు, నీళ్లకు పెట్టు" అన్నది. ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి తాగి ఆమె నడుము వంగింది, మోకాళ్లు విచ్చుకున్నయి. కృష్ణ నీళ్లు వచ్చేటాళ్లకు ఆమె ఒంటికి జరగాల్సింది జరిగిపోయింది. ఆమె నీళ్లకు అంటే ఊరికే అన్న మాట కాదు. అత్తమ్మా, నీ రెండు వేలు ఎక్కడ పెట్టిననో కింద చెప్త.

రేకుల దుకాణం భాయి మాకు చుట్టం కాదు, మా మతం కాదు. మా అన్న ధర అడుగుదామని పోతే, ఉగాండాకు రేకులెట్ల పంపుతవని నవ్వి, ఐదు వేలు చేతుల పెట్టి, నాకు వీడియో కాల్ చేసిండు. "బేటీ, 32 గేజీ తీసుకోకు, పల్చగుంటది, గాలికి లేస్తది, 28 తీసుకో" అన్నడు. ఊడిన పాత రేకు చూపించమన్నడు. చూసి తల కొట్టుకున్నడు. మేకులన్నీ గాడిలో కొట్టినయి. నీళ్లు పారేది గాడిలోనే గద, మేకు గుబ్బ మీద కొట్టాలె, కింద రబ్బరు వాషరు ఉండాలె అన్నడు. ఎనిమిదేండ్ల నుంచి ఆ గది ఎందుకు కురుస్తుందో మాకు ఆనాడు తెలిసింది. బకెట్లు పెట్టుకుంట బతికినం గాని పైకెక్కి చూద్దామన్న తెలివి మాకు లేకపాయె.

అన్నీ కలిపి లక్షా 86 వేల 400 రూపాయలు. మా మేనల్లుడు పాన్ కార్డు పట్టుకొని బ్యాంకుకు నాలుగుసార్లు తిరిగి, బయటి దేశానికి పైసలు పంపే ఏ2 ఫారం నింపి పంపిండు. చేరేటప్పటికి దగ్గర దగ్గర 80 లక్షల షిల్లింగులు. అంత పెద్ద అంకె చూసి మా చిన్నోడు మనం కోటీశ్వరులమా అని అడిగిండు.

మగపిల్లల గదికి 44 రేకులు పట్టినయి. రేకులను అక్కడ మబాటి అంటరు. అవి ఎక్కిస్తుంటే మా దగ్గరుండే ఒక పిల్లగాని అవ్వ వచ్చింది. జజ్జా అంటరు వాళ్లు, అవ్వను గాని తాతను గాని. ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చింది. ఎండకు తళతళలాడే రేకును అరచేత్తో తడిమి, మేస్త్రిని ధర అడిగి, నా దిక్కు తిరిగి ఆమె అన్న మాట ఇది: "ఇసొంటివి నాకు ఇరవై ఉంటే నా మనుమణ్ని నీ దగ్గర ఎందుకుంచుత?"

నా నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ సంగతి నాకు తెలుసు. కరోనా యాళ్ల ఉగాండాలో బళ్లు 2020 మార్చిలో మూస్తే మళ్ల పూర్తిగ తెరిచింది 2022 జనవరిలో. అప్పుడు చాలామంది పిల్లలను సొంతోళ్ల ఇండ్లకు పంపినం. మళ్ల తీసుకురానీకి పోతే ఈ పిల్లగాడే బట్టల మూట కట్టుకొని మారు మాట్లాడకుండ జీపెక్కిండు. అటెనుక ఆదివారం చపాతీ పెడితే సగం తిని సగం జేబుల పెట్టుకునేటోడు, జజ్జాకని. ఆమె నెలకొకసారి వచ్చేది. నాలుగు వారాల సగం చపాతీలు ఏమైతయో మీరే అనుకోన్రి. పారేస్తే నన్ను తప్పు పట్టినట్టు చూసేటోడు.

అనాథలు అనే మాట మనం అలవోకగ వాడుతం. యూనిసెఫ్ లెక్కల తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా ఆ బిడ్డ అనాథ కిందికే వస్తది. మా దగ్గరున్న ముప్పై ఒక్క మందిలో అటు ఇటు ఎవ్వరూ లేనోళ్లు తక్కువ. చాలామందికి అవ్వ ఉంది, లేకపోతే మేనమామ ఉన్నడు. లేనిది ఇంటికి కప్పు, లేదా బడి ఫీజు. పిల్లలు ముందు సొంతోళ్ల దగ్గర ఉండాలె, హోమ్ అనేది ఆఖరుకే అని ఆ దేశం సర్కారు చెప్తనే ఉంది. పిల్లల సంగతులు చూసే జిల్లా ప్రొబేషన్ ఆఫీసర్ వచ్చినప్పుడల్లా మా రిజిస్టరు తిప్పి, ఈ బిడ్డ ఎందుకున్నది, ఆ బిడ్డ ఎందుకున్నది అని అడుగుతడు. మాకు విసుగొచ్చేది. ఆ జజ్జా అడిగినంక విసుగు పోయింది.

అప్పుడు మళ్ల వదినకు ఫోన్ చేసిన. మిగిలిన పైసలతో గోడకు సున్నం, కొత్త మంచాలు అనుకున్నం గద, అవి ఆపి మూడు ఇండ్లకు కప్పులేద్దామా అని. మీరిచ్చింది గదికి గనుక అడగాల్సిందే. పొదుపు సంఘం మీటింగుల ఒక పెద్దమ్మ అన్నదట, "పిల్లగాడు అవ్వ తాన ఉంటనంటే మంచిదే గదనే, గింత దానికి అడుగుడేంది?"

ఆమెకు అడిగే పని ఎందుకు లేదో నాకు తెలుసు. మన పాలమూరుల అవ్వ తాన పెరగని పిల్లలెంతమంది? మా అమ్మ నాయిన గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని కాలువ పనికి పోతే ఏడాదికి పది నెలలు నేను అవ్వ దగ్గరనే ఉన్న. నులక మంచం మీద ఆమె వీపుకు ఆనుకొని పడుకునేదాన్ని. ఇల్లు కురిసేది. కురవని మూలకు నన్ను జరిపి ఆమె తడిసేది. ఆ రోజుల్లో ఎవరన్న మంచి మనుషులు వచ్చి, ఈ పిల్లకు ఎవ్వరూ లేరని రాసుకొని నన్ను తీసుకపోయి ఉంటే?

ఒక పెద్దమనిషి మొన్న కలిసి, హోమ్ పెరగాలె గాని తగ్గుతదా, ఇచ్చినోళ్లకు ఏం చూపిస్తరు అన్నడు. ఆయన కూడ ఇచ్చిండు, అడిగే హక్కుంది. అన్నా, చూపిచ్చేది ఇదే: ముప్పై ఒక్కరు ఉండేది, ఇప్పుడు ఇరవై నాలుగు. ఏడుగురు మూడు ఇండ్లకు పోయిన్రు, ఆఫీసరు చూసి సంతకం పెట్టినంకనే. ఇండ్లకు ఇరవై చొప్పున 60 రేకులు, అన్నీ 28 గేజీవే, మేకులన్నీ గుబ్బ మీదనే. మిగిలింది కట్టెకు, మేస్త్రికి పోయింది. ఫీజులు మేము కడుతనే ఉన్నం, వారానికొకసారి నేను పోయి కాళ్లు చూసి వస్తున్న. మందులు అవసరమున్న ఇద్దరిని మాత్రం ఇంకా పంపలేదు. వాళ్ల జజ్జాకు గడియారం చూసుడు రాదు. నేర్పిస్తున్న.

అత్తమ్మా, నీ రెండు వేలు ఆ చపాతీ పిల్లగాని ఇంటి చూరుకు గట్టరైంది, దాని కింద డ్రమ్ము పెట్టినం. తక్కువ పడితే మేము కలిపినం. ఇంతకుముందు వాడు పసుపు రంగు ఇరవై లీటర్ల క్యాను మోసుకొని బోరింగుకు పోయేటోడు. వాన పడ్డనాడు ఇప్పుడు గుమ్మంలనే నీళ్లు.

గొంగడి ఇచ్చిన కురుమ తాతకు ఈ పోస్టు ఎవరన్న చదివి వినిపియ్యున్రి. పోయినసారి మీరిచ్చిన గొంగడి మా ఆయనకని తీసుకపోయిన. కప్పు ఎక్కించే రోజు చినుకులు పడితే జజ్జాకు కప్పిన. ఆమె అంచు పట్టుకొని వాసన చూసి, ఏ జంతువు అని అడిగింది. గొర్రె అన్న. మీ దేశంల గొర్రెకు ఇంత బొచ్చుంటదా అన్నది. ఆ గొంగడి ఇంక వాపసు రాలే, అడగనీకి నాకు మనసు రాలే.

నల్లగొండకు 1890లో అబ్రహాం ఫ్రీసెన్ అనే మిషనరీ రష్యా నుంచి వచ్చిండని, ఆ తోవలోనే మన దిక్కు మిషన్ దవాఖానలు, బళ్లు లేచినయని పెద్దోళ్లు చెప్పుకుంటరు. ఆ దొరలకు వాళ్ల ఊరి నుంచి ఎవరు ఏం పంపేటోళ్లో నేను ఎరుగ. మాకు మాత్రం మామిడికాయ తొక్కు వస్తది.

ఆ సంగతి కూడ చెప్పి ఆపుత. బ్యాగుల ఇంక ఆరు కిలోలే ఖాళీ ఉంది. శుక్రవారం పొద్దటిలోపు మా వదిన ఇంటికి తెచ్చియ్యున్రి. తొక్కు డబ్బాలకు మూత బిగ్గరగ పెట్టి, ప్లాస్టిక్ కవరు రెండు సుట్లు చుట్టున్రి. పోయినసారి నూనె కారి మా ఆయన బైబిలు నిర్గమకాండం దాకా ఎర్రగైంది. రెండో జజ్జా కూడ గొంగడి అడుగుతున్నది. తాత దగ్గర ఇంకొకటుంటే పైసలు తీసుకోమనున్రి, ఈసారి ఊరికే తీసుకోను. బరువు గురించి రంది లేదు, అది బ్యాగుల పెట్టను, భుజం మీద వేసుకొని విమానం ఎక్కుత.