చప్టాల కింద నీటికి దారేది?

సంపాదకులు గారికి,

నమస్కారం. అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లే. ఇంత తక్కువ వానకు వంతెనలెందుకు, వాగుకు అడ్డంగా అడుగున పైపులు పెట్టి తక్కువ ఎత్తులో వేసే చప్టా చాలులే అన్న లెక్కతోనే మా పల్లె రోడ్లు వేసినట్టున్నారు. ఆ లెక్క తప్పు. ఇక్కడ వాన ఏడాదంతా సర్దుకొని రాదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కొన్ని రాత్రులు కుమ్మరించి పోతుంది. నెలల తరబడి ఇసుక తప్ప ఏమీ కనిపించని వంక తెల్లారేసరికి గట్టు దాటుతుంది. 2022 అక్టోబరులో పండమేరు వంక పొంగి అనంతపురం నగరంలోని కాలనీలనే ముంచింది. నగరానికే ఆ గతి పడితే పుట్లూరు, యల్లనూరు, నార్పల వైపు పల్లెల చప్టాల సంగతి వేరే చెప్పాలా?

మా ఊరికీ మండల కేంద్రానికీ మధ్య అలాంటి చప్టా ఒకటుంది. అడుగున వేసిన పైపుల్లో సగం కంపతో, ఇసుకతో, ప్లాస్టిక్ చెత్తతో పూడిపోయాయి. కింద దారిలేక నీళ్లు పైనుంచి పారతాయి, పోతూ పోతూ రెండు వైపులా మట్టిని కోసుకుపోతాయి. వేసవి రాగానే గుంతల్లో కంకర నింపి పైన తారు పోస్తారు. పైపుల జోలికి ఎవరూ పోరు. మళ్లీ వాన పడితే ఆ తారు కూడా లేచిపోతుంది. నిలిచిన నీరు పగుళ్లలోంచి కంకర పొరలోకి దిగాక రోడ్డు మెత్తబడుతుంది, ఆ తర్వాత లోడు ట్రాక్టరు నడిచినా కుంగుతుంది. తారుకు పెట్టే డబ్బులో కొంచెం ముందుగా పైపులకు, పక్క కాలువలకు పెడితే ఆ తారే ఇంకొన్నేళ్లు నిలుస్తుంది కదా!

తాడిపత్రి నుంచి రైల్లో ముంబై రేవుకు అరటి పంపి విదేశాలకు ఎగుమతి చేసిన జిల్లా మాది. ఆ గెలలు తోట దాటి పెద్ద రోడ్డు ఎక్కేలోపే గుంతల్లో కమిలిపోతున్నాయి. కమిలిన కాయకు వ్యాపారి ధర తగ్గిస్తాడు, నష్టమంతా రైతుదే. చీనీకాయలదీ (బత్తాయిలదీ) అదే కథ. వంక పారే రోజున 108 బండి అవతలి ఒడ్డునే ఆగిపోతే కాన్పు నొప్పులు పడే ఆడబిడ్డ పరిస్థితి ఏమిటో అధికారులే ఆలోచించాలి.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డును ఐదేళ్లపాటు బాగుచేసే బాధ్యత ఒప్పందం ప్రకారం ఆ కాంట్రాక్టరుదే. ఈ సంగతి చాలా ఊళ్లలో తెలియదు. గడువు లోపల రోడ్డు పాడైతే గ్రామసభలో అడగాలి, మేరీ సడక్ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు పెట్టాలి. ఈ పథకం నాలుగో దశకు 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదం తెలిపింది. దేశమంతటా 62,500 కిలోమీటర్ల రోడ్లు వేస్తామంటున్నారు. మా జిల్లా ప్రతిపాదనల్లో కిలోమీటర్లతో పాటు దారిలో ఎన్ని వంకలు అడ్డొస్తాయో కూడా రాయాలి.

ఇసుక సంగతీ ఉంది. వంతెనకు 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదని వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) నిబంధనలు చెబుతున్నాయి. పునాదుల చుట్టూ ఇసుక పోతే ఎంత గట్టి కాంక్రీటైనా ఏం చేస్తుంది? 2021 నవంబరు వరదల్లో కడప జిల్లా కమలాపురం దగ్గర పాపాఘ్ని నది మీది పెద్ద వంతెనే కూలింది. చిన్న వంతెనల దగ్గర రాత్రిపూట ట్రాక్టర్లు తిరుగుతుంటే ఎందుకు ఊరుకోవాలి?

వంతెనలు కట్టేలోపు చేయగలిగిన పనులు రెండున్నాయి. ఆగస్టు ముగిసేలోపు ప్రతి చప్టా కింద పైపులు శుభ్రం చేయించాలి. చప్టాకు రెండు వైపులా స్తంభాలు నాటి, నీటి లోతు తెలిసేలా అడుగుల గుర్తులు ఎర్రరంగుతో వేయించాలి. పారే నీరు అడుగు లోతున్నా చిన్న కారును లాక్కుపోతుంది. చీకట్లో ఆ లోతు కంటితో తెలియదు. ఈ రెండు పనులకూ పెద్ద నిధులు అక్కర్లేదు కాబట్టి ఈ ఏడాదే చేయించాలని పంచాయతీరాజ్ ఇంజనీర్లను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రైతు,
పుట్లూరు మండలం, అనంతపురం జిల్లా