మామునూరులో పొక్లెయిన్‌కు ముందు టేపు

సంపాదకుడికి,

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి కేంద్రం 2025 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చిన నాటి నుంచి పత్రికల్లో భూసేకరణ, రన్‌వే పొడవు, ఏ ఊరికి ఏ విమానం అన్నవే వార్తలు. నిజాం కాలంలో 1930లో పుట్టి 1981 దాకా నడిచిన ఆ ఆవరణలో పాత కట్టడాలు, పాత రన్‌వే ముక్కలు ఏం మిగిలాయి, వాటినేం చేస్తారు అన్నది ఎవరూ అడగడం లేదు. వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు మూతపడ్డాక ఏం మిగిలిందో ఓరుగల్లు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

పాత టెర్మినల్‌ను ఎట్లా బతికించాలో చూడాలంటే న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో ఒకటుంది. పిల్లల దగ్గరికి అమెరికా పోయే హనుమకొండ, కరీంనగర్ తల్లిదండ్రుల్లో కొందరు దాని పక్క నుంచే పోతుంటారు. టీడబ్ల్యూఏ అనే అమెరికా విమాన సంస్థ కోసం ఆర్కిటెక్ట్ ఈరో సారినెన్ గీసిన టెర్మినల్ అది. 1962 మేలో తెరిచారు. సారినెన్ అంతకు ముందు ఏడాదే పోయాడు, పూర్తయిన కట్టడాన్ని చూడలేదు. 2001లో మూతపడి, 2019 మేలో హోటల్‌గా మళ్లీ తెరుచుకుంది.

చూడాలనుకునేవాళ్లు ఐదో టెర్మినల్ దగ్గర ఎయిర్‌ట్రెయిన్ దిగాలి. టెర్మినళ్ల మధ్య తిరగడానికి దానికి టికెట్ లేదు. లాబీలోకి పోవడానికి బోర్డింగ్ పాస్, గది బుకింగ్ అక్కర్లేదు. ముందు పైకి చూడండి. పైకప్పుగా వంపు తిరిగిన నాలుగు కాంక్రీటు పెంకులు నాలుగు వై ఆకారపు స్తంభాల మీద నిలబడ్డాయి, పెంకుకూ పెంకుకూ నడుమ గాజు పట్టీల్లోంచి వెలుతురు దిగుతుంది. తర్వాత కిందికి చూడండి. నేల ఎక్కడ అయిపోయి గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. అర అంగుళం గుండ్రటి పింగాణీ బిళ్లలు పరచడం వల్లే అది సాధ్యమైంది. వంపు మీద పెద్ద టైల్ కూర్చోదు, చిన్న బిళ్ల ఒదుగుతుంది. బాగుచేసేటప్పుడు పాతవాటికి సరిపోయే బిళ్లలు ప్రత్యేకంగా చేయించారు. మన దగ్గరైతే వాటి మీదే రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్ పరిచి బిల్లు పెట్టేవాళ్లు. మన ఆఫీసుల్లో ఎన్ని చోట్ల మంచి మొజాయిక్ నేల అట్లా కింద పడి ఉందో!

గాజు గోడలకు 486 అద్దాలు, రకరకాల ఆకారాల్లో. వాటిని పట్టి ఉంచిన నియోప్రీన్ రబ్బరు పట్టీలు ఏళ్ల తరబడి ఎండకు గట్టిపడ్డాయి. సిలికాన్ పూసి సరిపెట్టకుండా అదే తీరు కొత్తవి వేయించారు.

ఈ టెర్మినల్ కాంక్రీటు చెడి మూతపడలేదు. పంకాల విమానాల కాలపు లెక్కతో కట్టిన హాలు అది. జెట్లు వచ్చాయి, 1970 నుంచి జంబోలు వచ్చాయి, జనం, సామాను, తనిఖీలు పెరిగాయి, చోటు చాలలేదు. అందుకే పాతదాన్ని మళ్లీ టెర్మినల్‌గా వాడలేదు. 512 గదులను విడిగా రెండు కొత్త భవనాల్లో పెట్టి, పాత హాలును లాబీగా ఉంచారు. 1994లోనే బయటి రూపంతో పాటు లోపలి భాగానికీ నగరం రక్షణ ఇచ్చింది కాబట్టి అది సాధ్యమైంది. మామునూరులో పాత గది ఏదైనా మిగిలితే దానిమీద కూడా టెర్మినల్ భారం వేయొద్దు.

అక్కడ చేయాల్సిన పని పెద్ద ఖర్చుది కాదు. పొదలు కొట్టకముందే కొలతలు తీసి, నక్షా గీసి, ప్రతి పగులుకూ స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయాలి. గోడలో మొలిచిన రావి మొక్కను లాగితే గోడే ఊడొస్తుంది; మొదలు కోసి, వేరు చచ్చేదాకా ఆగాలి. గోడ డంగుసున్నంతో కట్టిందైతే మరమ్మతూ సున్నంతోనే. సిమెంటు గిలాబు చేస్తే లోపలి తడి బయటికి రాక రాయి, ఇటుక పొడి రాలుతాయి.

కాంక్రీటైతే సుత్తితో తట్టి చూడాలి, బోలు చప్పుడు వచ్చిన చోటల్లా సుద్దతో గీత పెట్టాలి. అప్పుడే పగలగొట్టిన ముఖం మీద ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లితే గులాబీ రంగు తేలిన మేర ఇనుమును తుప్పు నుంచి కాపాడే క్షారం ఉన్నట్టు. లోపలి ఇనుప సీకుల దాకా రంగు రాలేదంటే వాటికి కాపు పోయినట్టే. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును బయటికి తోస్తుంది, పెచ్చులూడేది అందుకే. సీకు వెనక ముప్పాతిక అంగుళం దాకా చెక్కి, ఇనుము మెరిసేదాకా గీకి, సన్నబడితే పక్కన కొత్త సీకు కట్టి, తుప్పు రాని పూత పూసి, అప్పుడు పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టార్ నింపాలి. తుప్పు మీదే సిమెంటు మెత్తి సున్నం కొడితే రెండో వానాకాలానికి అదే పెచ్చు మళ్లీ నెత్తిన పడుతుంది. నెహ్రూ 1959లో శంకుస్థాపన చేసిన ఆర్‌ఈసీ (ఇప్పటి ఎన్‌ఐటీ) కాలం నాటి కాంక్రీటు భవనాలు ఓరుగల్లులో ఇంకా వాడుకలో ఉన్నాయి. వాటికీ ఇదే వైద్యం.

టెండర్లలో 'సైట్ క్లియరెన్స్' అని ఒక్క లైను ఉంటుంది, పాత కట్టడాలన్నీ అందులోనే కొట్టుకుపోతాయి. ఆ లైనుకు ముందు 'ఉన్నవాటి కొలతలు, పరీక్ష' అని ఇంకో లైను చేర్చమని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీని, జిల్లా కలెక్టరును కోరుతున్నాం. సివిల్ ఇంజినీరింగ్ చెప్పే ఎన్‌ఐటీ ఓరుగల్లులోనే ఉంది, కొలిచే చేతులకు కొదవ లేదు.

— ఇద్దరు సివిల్ ఇంజినీర్లు, హనుమకొండ